క్రికెట్ అలవాటున్న అమ్మాయికి సాఫ్ట్‌బాల్ స్టాన్స్ (నిలబడే తీరు), స్వింగ్ (బ్యాట్ తిప్పే తీరు) ఎక్కణ్ణుంచి దిద్దాలి?

గ్రౌండ్‌మాస్టారు:

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్ పీఈటీని. ఎనిమిదో తరగతి అమ్మాయి బ్యాటింగ్ గురించి మీ సలహా కావాలి. పన్నెండేళ్లు, ఎత్తు 4 అడుగుల 8 అంగుళాలు, బరువు 34 కిలోలు, కుడిచేతి వాటం. అన్నలతో వీధిలో టెన్నిస్ బంతి క్రికెట్ ఆడి వచ్చిన పిల్ల. కన్ను చురుకు, పరుగు బాగుంది, చెప్పింది వింటుంది. అండర్-14 జిల్లా సెలక్షన్లకు ఎనిమిది వారాలుంది.

బ్యాట్ కాళ్ల దగ్గర దించుకుని నిలబడుతుంది, పైకెత్తమంటే భుజం మీద ఆనిస్తుంది. బంతి వస్తుంటే ముందు కాలు మూడో బేస్ వైపు, అంటే బంతి విసిరే పిచ్చర్ వైపు చూస్తే ఎడమకు, పక్కకు పడిపోతుంది. తగిలిన బంతుల్లో సగం మొదటి బేస్ వైపు (కుడికి) గీత దాటి ఫౌల్, మిగతావి చాలావరకు నెత్తి మీదికి లేచే పాప్ అప్‌లు. బంతి మోకాలి ఎత్తులో వస్తే కవర్ డ్రైవ్‌లా ఒంగి కొడుతుంది, ఛాతీ ఎత్తులో వస్తే వదిలేస్తుంది. "వెనక మోచెయ్యి పైకెత్తి ఉంచు" అని సీనియర్ పిల్లలు చెబుతున్నారు. అది సరైనదేనా?

ఉన్న సామాను 34 అంగుళాల అల్యూమినియం బ్యాట్ ఒకటి, బంతులు ఆరు, హెల్మెట్లు రెండు. బంతిని నిలిపి కొట్టే స్టాండు, అదే బ్యాటింగ్ టీ, లేదు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయగలను. అన్నీ ఒకేసారి చెబితే పిల్ల కంగారు పడుతుంది. ఏది ముందు, ఏది తర్వాత?


మూడోబేస్ కోచ్:

మాస్టారూ, స్టాన్స్ కన్నా ముందు ఆ బ్యాట్ సంగతి చూడండి. నిబంధనల ప్రకారం సాఫ్ట్‌బాల్ బ్యాట్ పొడవు 34 అంగుళాలు దాటకూడదు. అంటే మీ పిల్ల చేతిలో ఉన్నది ఆటలో వాడగలిగే వాటిలోకెల్లా పొడవైనది, పెద్దవాళ్లది. తల బరువు లాగేస్తుంటే ఎత్తి పట్టుకోలేక భుజం మీద ఆనిస్తోంది, బద్ధకంతో కాదు. స్వింగ్ మొదలవ్వగానే బారెల్ (బ్యాట్ లావు భాగం) కిందికి జారుతుంది, బంతి అడుగుభాగాన తగులుతుంది, పైకి లేస్తుంది. తిప్పడానికి ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి ఆలస్యమై మొదటి బేస్ వైపు ఫౌల్ పోతుంది. మీరు రాసిన తప్పుల్లో రెండింటికి మూలం ఇక్కడే ఉండొచ్చు.

తేల్చుకోవడం సులువు. బ్యాట్‌ను నాబ్ (హ్యాండిల్ చివరి గుండు) దగ్గర ఒంటిచేత్తో పట్టుకుని, చెయ్యి పక్కకు చాచి, భుజం ఎత్తులో నేలకు సమాంతరంగా నిలపమనండి. నిదానంగా 20 లెక్కపెట్టేలోపు చెయ్యి వణికినా, బారెల్ వాలినా ఆ బ్యాట్ ఆమెకు బరువే. ఆమె ఎత్తుకు, బరువుకు 29 లేదా 30 అంగుళాలది, 18 నుంచి 20 ఔన్సులది సరిపోతుంది. గ్రాముల్లో 510 నుంచి 570. బ్యాట్ మీద పొడవు అంగుళాల్లో, బరువు ఔన్సుల్లో రాసి ఉంటుంది, ఆ రెండు అంకెల తేడానే డ్రాప్ అంటారు. 30 అంగుళాలు, 20 ఔన్సులైతే డ్రాప్ 10. ఈ వయసుకు 10 నుంచి 12 మధ్య చూసుకోండి. తక్కువ ధరకు దొరికిందని బేస్‌బాల్ బ్యాట్ మాత్రం కొనకండి. సాఫ్ట్‌బాల్‌లో బారెల్ లావు 2.25 అంగుళాలు మించితే చెల్లదు.

కొత్తది వచ్చేదాకా ఉన్నదాన్నే నాబ్ నుంచి రెండు మూడు అంగుళాలు పైకి పట్టించండి. అక్కడ టేప్ ఒక చుట్టు వేసి గుర్తు పెడితే ప్రతిసారీ చెప్పక్కర్లేదు.

ఇక పట్టు. ఎడమ చెయ్యి నాబ్ వైపు, కుడి చెయ్యి దాని పైన. ఈ వరుస క్రికెట్ పిల్లలకు కొత్త కాదు. కానీ చేతుల మధ్య సందు వదులుతారు, హ్యాండిల్‌ను అరచేతి లోతులో బిగిస్తారు. రెండు చేతులూ ఆనుకుని ఉండాలి, హ్యాండిల్ వేళ్ల మొదట్లో కూర్చోవాలి. తలుపు తట్టేటప్పుడు తగిలే కణుపులున్నాయి కదా, రెండు చేతులవీ దాదాపు ఒకే వరుసలోకి రావాలి. గీత గీసినట్టు రాకపోయినా ఫరవాలేదు, కొద్దిగా అటూ ఇటూ ఉండొచ్చు. చాటతో బియ్యం చెరిగేటప్పుడు చాటను ఎంత గట్టిగా పట్టుకుంటామో అంత బిగువు చాలు. చాట జారిపోదు, కానీ మణికట్టు ఆడుతుంది. ముంజేతి కండ ఉబ్బి కనిపిస్తుంటే పట్టు ఎక్కువైనట్టు.

పాదాల మధ్య ఎడం భుజాల వెడల్పు కన్నా బెత్తెడు ఎక్కువ ఉండాలి. మోకాళ్లు కొద్దిగా వంగాలి. బరువు మడమల మీద కాకుండా పాదం ముందరి మెత్తటి భాగం మీద ఉండాలి. తోటి అమ్మాయి చేత భుజం మీద మెల్లగా తోయించి చూడండి, వెనక్కి తూలితే బరువు మడమల్లో ఉన్నట్టే. బ్యాటర్ పక్కన నేల మీదుండే ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. కొంచెం ఒంగి బ్యాట్ కొనతో ప్లేట్ అవతలి అంచును తాకగలిగితే సరైన దూరంలో ఉన్నట్టు. ఎప్పుడు బాక్స్‌లోకి (బ్యాటర్ నిలబడే గీతల్లోకి) వచ్చినా ఆ అంచును ఒకసారి తాకించి నిలబడే అలవాటు చేయండి, దూరం దానంతటదే కుదురుతుంది.

పిడికిళ్లు వెనక భుజం ఎత్తులో, భుజానికి పిడికిలంత దూరంలో. బ్యాట్ నిట్టనిలువుగానూ వద్దు, పడుకుని ఉండనూ వద్దు, 45 డిగ్రీల వాలు బాగుంటుంది. మోచెయ్యి విషయంలో మీ సీనియర్ల మాట పట్టించుకోకండి. వెనక మోచెయ్యి ఎత్తి ఉంచితే స్వింగ్‌లో అది పక్కటెముకల దగ్గరికి రావడానికి చాలా దూరం దిగాలి. దిగుతూ వెనక భుజాన్ని కూడా లాక్కుపోతుంది, మళ్లీ పాప్ అప్. ఎదిగిన ఆటగాళ్లు కండబలంతో సర్దుకుంటారు. మీ పిల్లకు రెండు మోచేతులూ ఇంటికప్పు వాలులా అటూ ఇటూ వదులుగా దిగి ఉంటే చాలు.

ఒకటి అందరూ మరిచిపోతారు, తల. క్రికెట్ స్టాన్స్‌లో తల సగమే తిప్పి చూస్తుంటే వెనక కంటికి ముక్కు అడ్డొస్తుంది. ఆమెను స్టాన్స్‌లో నిలబెట్టి ముందు కన్ను, అంటే ఎడమ కన్ను మూయించండి. కుడి కంటికి పిచ్చర్ చెయ్యి పూర్తిగా కనిపిస్తోందా అని అడగండి. కనిపించకపోతే గడ్డాన్ని ముందు భుజం వైపు ఇంకా తిప్పించండి. రెండు కళ్లూ చూస్తేనే బంతి దూరం తెలుస్తుంది.


స్లోమోషన్:

కోచ్ గారు చెప్పిన బ్యాట్ మార్పు అయ్యాకే ఇది మొదలుపెట్టండి మాస్టారూ. స్వింగ్‌లో మీరు దిద్దాల్సిన అసలు అలవాటు ముందు కాలిది. క్రికెట్‌లో ముందు కాలు బంతి పిచ్ అయ్యే చోటికి పోవాలి, అదే సరైన ఆట. సాఫ్ట్‌బాల్‌లో బంతి నేలను తాకదు, లోపలికొచ్చినా బయటికి పోయినా ముందు కాలు ఒకే చోట, నేరుగా పిచ్చర్ వైపే పడాలి. బంతి ఎటుంటే అటు వెళ్లాల్సింది బ్యాట్. ఈ ఒక్క మాట ఆమెకు తలకెక్కితే మిగతాది ఓపిక పని.

ఎందుకంటే సమయం లేదు. అంతర్జాతీయ మహిళల మ్యాచ్‌లో పిచ్చింగ్ దూరం 43 అడుగులు, 13.1 మీటర్లు. పిచ్చర్ అడుగు ముందుకు వేసి వదిలేసరికి బంతి ప్రయాణించేది దాదాపు 11.3 మీటర్లే. గంటకు 60 కిలోమీటర్ల వేగమైతే 0.68 సెకను, 80 అయితే 0.51 సెకను. పిల్లల స్వింగ్‌కే అందులో సుమారు ఐదో వంతు సెకను పోతుంది. కాలు ఎక్కడ వెయ్యాలో కూడా అప్పుడే ఆలోచిస్తే బంతి వెనకున్న క్యాచర్ గ్లవ్‌లో ఉంటుంది.

అందుకని కాలి పని బంతి కన్నా ముందే అయిపోవాలి. పిచ్చర్ చెయ్యి గుండ్రంగా తిరుగుతూ నెత్తి మీదికి వచ్చినప్పుడు ఈ అమ్మాయి బరువు వెనక తుంటిలోకి వెళ్లాలి, అదే లోడ్. ఒళ్లంతా వెనక్కి ఊగకూడదు, వెనక మోకాలు పాదాన్ని దాటి బయటికి వాలిందంటే ఎక్కువైనట్టు. చెయ్యి కిందికి దిగి తుంటి దగ్గర బంతి వదిలేసరికి ముందు పాదం నేల మీద ఉండాలి. అడుగు పొడవు 10 నుంచి 15 సెంటీమీటర్లు, అంతకు మించొద్దు. పొడవైతే తల కిందికి దిగుతుంది, కళ్ల ఎత్తు మారుతుంది, బంతి ఎగిరినట్టు కనిపిస్తుంది. పాదం బొటనవేలి కింది మెత్తటి భాగం మీద మెల్లగా దిగాలి, వేళ్లు నేరుగా పిచ్చర్ వైపు కాకుండా సగం మూసి. అడుగు ముందుకు పడుతున్నప్పుడు చేతులు వెనకే ఉండిపోవాలి. కాలితో పాటు చేతులూ ముందుకొచ్చేస్తే స్వింగ్‌లో బలం ఏమీ మిగలదు.

ఆ తర్వాత వరుస ఇది. ముందు మడమ నేలకు దిగగానే వెనక మోకాలు, వెనక తుంటి పిచ్చర్ వైపు తిరుగుతాయి. తుంటి వెంట భుజం, భుజం వెంట చేతులు. కవ్వం తాడులా ఒకదాన్నొకటి లాగాలి. వెనక మోచెయ్యి పక్కటెముకలకు దగ్గరగా వస్తుంది, నాబ్ ముందుగా బంతి వైపు చూపిస్తుంది, బారెల్ ఆ తర్వాత బయటికొస్తుంది. మీ పిల్లలాంటి వాళ్లు ఈ వరుసను తిరగేస్తారు, చేతులు చాచేసి బారెల్‌ను ఒంటి నుంచి దూరంగా గుండ్రంగా తిప్పుతారు. దారి పొడవైపోతుంది. నెట్‌కు ఎదురుగా నిలబెట్టి, నాబ్ బొడ్డు దగ్గర ఆనించి, బ్యాట్ కొన నెట్‌ను తాకేంత దూరం కొలవండి. అక్కడి నుంచే ఖాళీ స్వింగ్ చేయించండి. నెట్‌ను గీరకుండా తిప్పగలిగితే చేతులు లోపలి నుంచి వస్తున్నట్టు. గోడ దగ్గర వద్దు, బ్యాట్ సొట్టపోతుంది, చేతికి దెబ్బ తగులుతుంది.

బంతి తగిలే క్షణంలో వీడియో ఆపి మూడు చూడండి. కుడి అరచెయ్యి ఆకాశం వైపు, ఎడమ అరచెయ్యి నేల వైపు ఉన్నాయా? ముందు కాలు గట్టిగా నిలబడిందా, మోకాలు ఇంకా ముందుకు జారుతోందా? తల బంతి మీదే ఉందా? మణికట్లు అప్పటికే తిరగబడి ఉంటే బంతి నేల మీద దొర్లుతుంది. తిరగడం తప్పు కాదు, తగిలాక తిరగాలి. గడ్డం ముందు భుజం మీద మొదలై, తల కదలకుండానే, వెనక భుజం మీద పూర్తవ్వాలి.

ఎక్కడ తగలాలన్నది కూడా చెప్పాలి. ప్లేట్ మధ్యలో వచ్చే బంతి, అడుగు వేశాక ముందు పాదానికి ఎదురుగా. లోపలి బంతి అంతకన్నా జానెడు ముందుకు. బయటి బంతిని ప్లేట్ నడుమ దాకా రానిచ్చి కుడి మైదానం వైపు.

ఫౌల్ బంతులు చూసి చాలా తెలుసుకోవచ్చు. కుడిచేతి వాటానికి మొదటి బేస్ వైపు పోతే ఆలస్యం, మూడో బేస్ వైపు పోతే తొందర. నేరుగా వెనక్కి, బ్యాక్‌స్టాప్‌కు పోతే సమయం కుదిరింది, బ్యాట్ ఒక అంగుళం కిందుగా వెళ్లింది, అంతే. అలాంటి ఫౌల్ పడినప్పుడు పిల్లను మెచ్చుకోండి, ఏమీ మార్చకండి. మన దగ్గర చాలామంది అక్కడే అరిచి పాడుచేస్తారు.


టెక్సాస్ వాలంటీర్ కోచ్:

పై ఇద్దరితో చాలావరకు ఏకీభవిస్తాను. రెండు విషయాలు చేర్చాలి.

"బ్యాట్ నేలకు సమాంతరంగా తిప్పు" అని ప్రతి గ్రౌండ్‌లోనూ వినిపిస్తుంది. పిచ్చర్ తుంటి కింద నుంచి వదిలిన బంతి పైకి లేచి, మళ్లీ కిందికి దిగుతూ వస్తుంది. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ప్లేట్ దగ్గర దాదాపు 10 డిగ్రీల వాలుతో దిగుతున్నట్టు లెక్క తేలుతుంది. 80 అయితే 6 డిగ్రీలు. బారెల్ ఆ దారికి ఎదురుగా, కొద్దిగా పైకి వెళ్తే బంతి దారిలో ఎక్కువ సేపు ఉంటుంది. పూర్తిగా అడ్డంగా తిప్పితే రెండు దారులూ ఒక్క చోటే కలుస్తాయి, సమయం పిసరంత తప్పినా బంతి దొరకదు. కాబట్టి సమాంతరం అనకుండా "బంతి వచ్చిన దారినే తిరిగి పంపు" అనండి. అలాగని వెనక భుజం వంచి కింద నుంచి తోడడం కాదు. ఆ తేడా వీడియోలో తెలుస్తుంది: తగిలే ముందు బారెల్ చేతుల కన్నా బాగా కిందికి వేలాడుతుంటే అది తోడడమే. మోకాలి ఎత్తు బంతికి మాత్రం కొంత వాలడం సహజం, దానికి నడుము నుంచి ఒంగాలి, చేతులు మాత్రమే దించకూడదు.

రెండోది వెనక పాదం. "పురుగును నలిపినట్టు వెనక పాదం తిప్పు" అనే పాత పాఠం ఇక్కడా నడుస్తోంది. చిన్నపిల్లలకు తుంటి తిప్పడం తెలియడానికి మొదటి వారం పనికొస్తుంది. దాన్నే పట్టుకుంటే పిల్లలు పాదం తిప్పుతారు, తుంటి తిప్పరు, బరువంతా వెనకే ఉండిపోతుంది. తుంటి గట్టిగా తిరిగితే మడమ దానంతటదే లేచి, షూ లేసులు పిచ్చర్ వైపు తిరుగుతాయి. బరువు ముందు కాలి మీదికి చేరినట్టు చూడాలంటే స్వింగ్ అయ్యాక వెనక పాదాన్ని నేల నుంచి అంగుళం ఎత్తమనండి. తూలకుండా ఎత్తగలగాలి.

ఛాతీ ఎత్తు బంతి వదిలేస్తోందన్నారు. సాఫ్ట్‌బాల్ స్ట్రైక్ జోన్, అంటే ప్లేట్ మీదుగా వచ్చే బంతిని మంచి బంతిగా లెక్కించే ఎత్తు, చంకల దగ్గర మొదలై మోకాలి పైభాగం దాకా. ఆ ఎత్తు ఆమెకు తెలియకపోవచ్చు. ఆమె స్టాన్స్‌లో ఉండగా చంక ఎత్తులో ఒకటి, మోకాలి ఎత్తులో ఒకటి రెండు తాళ్లు రెండు కర్రల మధ్య కట్టి చూపించండి. పది బంతులు విసరండి, కొట్టొద్దు, "అవును", "కాదు" అని మాత్రమే చెప్పమనండి. ఇది రోజూ చేయించండి. స్టాన్స్ ఎంత బాగున్నా చెడ్డ బంతిని వెంటాడే పిల్లకు హిట్లు రావు.

అమెరికాలో పిల్లల లీగుల్లో దూరం వయసును బట్టి పెంచుతారు: పదేళ్ల లోపు 35 అడుగులు, 11 అంగుళాల చుట్టుకొలత బంతి; పన్నెండేళ్ల లోపు 40 అడుగులు, 12 అంగుళాల బంతి. మీ సెలక్షన్‌లో ఎంత దూరం గీస్తారో నిర్వాహకుల్ని అడిగి చివరి రెండు వారాలు కచ్చితంగా ఆ దూరంలోనే పిచ్ చేయించండి. సమయం అలవాటయ్యేది దూరాన్ని బట్టే.


గ్రౌండ్‌మాస్టారు:

అందరికీ చాలా థ్యాంక్సండి. ఒంటిచేతి పరీక్ష పెట్టి చూశాను, 8 లెక్కపెట్టేసరికి బారెల్ వాలిపోయింది. పక్క స్కూల్ నుంచి 30 అంగుళాలది అరువు తెస్తున్నాను. ఇంకో మూడు అడుగుతాను. టీ ఎలా తయారు చేసుకోవాలి, రోజుకు ఎన్ని స్వింగ్‌లు? దగ్గర నుంచి మెల్లగా టాస్ వేస్తే కాలు తిన్నగానే పడుతోంది, అసలు పిచ్చర్ ఎదురుగా ఉంటే మాత్రం మళ్లీ పక్కకు పోతోంది, ఏం చెయ్యాలి? పరుగు బాగుంది కాబట్టి ఎడమవైపు బ్యాటింగ్‌కు మార్చమని ఒకరన్నారు, మార్చనా?


స్లోమోషన్:

టాస్‌కు తిన్నగా పడి, పిచ్చర్‌కు పక్కకు పోతోందంటే అది భయం మాస్టారూ. టెక్నిక్ లోపం కాదు, కోప్పడితే పెరుగుతుంది. టెన్నిస్ బంతికి భయపడని పిల్ల కూడా 180 గ్రాములకు పైబడిన గట్టి బంతి మీదికొస్తుంటే తప్పుకుంటుంది.

ముందు తప్పించుకోవడం నేర్పండి. బంతి ఒంటి మీదికి వస్తే ముందు భుజాన్ని క్యాచర్ వైపు తిప్పి వీపు చూపించాలి, గడ్డం ఛాతీలోకి దించాలి, బ్యాట్ కిందికి దించాలి. చాలామంది పిల్లలు దీనికి రివర్స్‌గా ఛాతీ తెరిచి చేతులు అడ్డం పెడతారు, వేళ్లకు, మొహానికి తగులుతుంది. టెన్నిస్ బంతులతో, హెల్మెట్ పెట్టి, కావాలనే ఒంటి మీదికి మెల్లగా విసిరి రోజూ ఐదారుసార్లు తిప్పించండి. ఎలా తప్పుకోవాలో ఒంటికి తెలిస్తే కాలు పారిపోదు.

తర్వాత పాదాల వెనక, మడమలకు అంగుళం దూరంలో, పిచ్చర్ వైపు సాగేలా సున్నంతో గీత గీయండి. ముందు మడమ ఆ గీతను తొక్కకూడదు. ఇటుక, కర్ర లాంటివి పెట్టొద్దు, చీలమండ మెలిపడుతుంది. అసలు పిచ్చర్‌తో మొదటి మూడు రోజులు స్వింగ్ వద్దు. లోడ్, అడుగు, చూపు, ఇంతే, బంతి క్యాచర్ గ్లవ్‌లో పడేదాకా చూడాలి. నాలుగో రోజు నుంచి కొట్టనివ్వండి.


స్కోర్‌బుక్:

అంపైరింగ్ వైపు నుంచి కొన్ని ముక్కలు, పాయింట్లు ఇక్కడే పోతుంటాయి.

బ్యాటర్స్ బాక్స్ 7 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, ప్లేట్‌కు 6 అంగుళాల దూరంలో ఉంటుంది. ప్లేట్ మధ్య నుంచి ముందుకు 4 అడుగులు, వెనక్కి 3 అడుగులు. గీతలు బాక్స్‌లో భాగమే. బంతి తగిలేటప్పుడు పాదం మొత్తం గీత బయట నేల మీద ఉంటే, లేదా పాదంలో ఏ కాస్త ప్లేట్‌ను తాకినా అవుట్. బంతి వెనక పరిగెత్తి కొట్టే క్రికెట్ అలవాటున్న పిల్లలు ఇలా అవుటవుతారు. ప్రాక్టీస్‌లో కూడా బాక్స్ గీసే ఆడించండి, పావుగంట పని.

నెమ్మది పిచ్చర్ ఎదురైతే బాక్స్‌లో ముందుకు నిలబడనివ్వండి, బంతి దిగిపోకముందే దొరుకుతుంది. వేగం ఉన్న పిచ్చర్ అయితే వెనక గీత దగ్గరికి, చూసేందుకు ఇంకో అడుగు దూరం దొరుకుతుంది.

ఇంకోటి, కొట్టాక బ్యాట్. క్రికెట్ పిల్లలు బ్యాట్ పట్టుకునే పరిగెత్తుతారు, లేదా గుర్తొచ్చి మధ్యలో వెనక్కి విసిరేస్తారు, క్యాచర్‌కు తగులుతుంది. స్వింగ్ పూర్తయ్యాక బ్యాట్‌ను పక్కన వదిలి పరిగెత్తడం టీ దగ్గరే నేర్పాలి. మొదటి బేస్ దగ్గర క్రీజ్‌లో బ్యాట్ పెట్టినట్టు వేగం తగ్గించి ఒంగుతారు, అదీ మానిపించాలి. మొదటి బేస్‌ను తొక్కి నేరుగా దాటి పరిగెత్తొచ్చు, రెండో బేస్ వైపు తిరగనంతవరకు అవుట్ చెయ్యలేరు.

స్ట్రైక్ జోన్‌లో ఉన్న బంతికి ఒళ్లు తగిలినా, స్వింగ్ చేస్తూ తగిలినా బేస్ ఇవ్వరని కూడా చెప్పండి.


మూడోబేస్ కోచ్:

టీకి పెద్ద ఖర్చు అక్కర్లేదు మాస్టారూ. ఖాళీ పెయింట్ బకెట్, ఇసుక, ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు రెండడుగుల ముక్క, దానిలోకి జారి దూరేంత సన్నటి పైపు ఇంకో రెండడుగులు. లావు పైపును బకెట్ మధ్యలో నిలబెట్టి ఇసుక దిమ్మిస వేయండి. సన్నపైపుకు మూడంగుళాలకు ఒక రంధ్రం చేసి మేకు గుచ్చితే ఎత్తు మార్చుకోవచ్చు. సన్నపైపు పై అంచుకు లారీ ట్యూబ్ ముక్క చుట్టి, పైప్ కన్నా మూడంగుళాలు పైకి ఉండేలా తీగతో బిగించండి, తీగ కొసలు లోపలికి మడవండి. బ్యాట్ పైపుకు తగిలితే పగులుతుంది, రబ్బరుకు తగిలితే ఊగి నిలబడుతుంది. బంతి అడ్డుకోవడానికి గోనెసంచులు కుట్టి గోల్‌పోస్ట్‌కు వేలాడదీయండి, కింద కట్టకుండా వదిలేస్తే బంతి దెబ్బకు తెర వెనక్కి లేచి, బంతి అక్కడే పడుతుంది.

టీని ప్లేట్ మీద పెట్టేస్తారు అందరూ, అది తప్పు. అడుగు వేశాక ముందు పాదం ఎక్కడుంటుందో దానికి ఎదురుగా పెట్టాలి. మొదటి వారం నడుము ఎత్తు ఒక్కటే. తర్వాత చంక ఎత్తు. ఎత్తు బంతికి చేతులు బంతి పై నుంచే మొదలవ్వాలి, ముందు దించి మళ్లీ ఎత్తకూడదు. ఆమె వదిలేస్తున్న బంతికి మందు అదే.

రోజుకు 50 స్వింగ్‌లు దాటొద్దు, వారానికి ఐదు రోజులు. ఎనిమిదేసి చొప్పున కొట్టించి నిమిషం ఆపండి. ప్రతి ఎనిమిదింటికీ ఒకే మాట చెప్పండి. ఈ ఎనిమిది కాలికి, తర్వాతి ఎనిమిది తలకు. అలిసిపోయాక కొట్టేవన్నీ చేతులతోనే కొడతారు, కొత్త తప్పు నేర్చుకుంటారు. బారెల్ వాలడం మొదలైతే ఆ రోజుకు ఆపేయండి, లెక్క పూర్తి కాకపోయినా.

మొదటి రెండు వారాలు టీ, నెట్ ముందు ఖాళీ స్వింగ్. మూడో వారం నుంచి నాలుగైదు మీటర్ల దూరం నుంచి కింది చేత్తో టాస్. మీరు నెట్ చాటున కూర్చుని వేయాలి, ముందుకొచ్చి వేయకండి, తిన్నగా మీ మొహానికే వస్తుంది. టాస్ బాగా కుదిరిన రోజు కూడా పది టీ స్వింగ్‌లతోనే మొదలుపెట్టండి. అసలు పిచ్చర్‌తో ఐదో వారం నుంచి, స్లోమోషన్ గారు చెప్పిన పద్ధతిలో. చివరి మూడు రోజులు కొత్తది ఏదీ చెప్పకండి.

వీడియో రెండు వైపుల నుంచి కావాలి. ఛాతీకి ఎదురుగా, నడుము ఎత్తులో ఒకటి: తల ఎంత కదిలింది, అడుగు పొడవు ఎంత. క్యాచర్ వెనక నుంచి ఇంకోటి: కాలు ఎటు పడింది, చేతులు ఎంత దూరం పోయాయి. ప్రతి శనివారం అదే చోట, అదే ఎత్తులో తీస్తే పోల్చుకోవచ్చు. పిల్లకు చూపించేటప్పుడు బాగా కుదిరిన స్వింగ్ ముందు చూపించండి.

ఎడమవైపు మార్పు ఇప్పుడు వద్దు. ఎడమ బాక్స్ మొదటి బేస్‌కు ఒకటి రెండు అంగలు దగ్గర, పరుగున్న పిల్లలు కదులుతూ బంతిని నేల మీదికి తట్టి పరిగెత్తే స్లాపింగ్ అనే ఆట అక్కడి నుంచే ఆడతారు. నిజంగా ఆమెకు నప్పవచ్చు. కానీ కుడివైపు స్వింగ్‌నే మూడొంతులు మారుస్తున్నప్పుడు ఎనిమిది వారాల్లో రెండో వైపు పెడితే రెండూ సగంలో ఆగిపోతాయి. సెలక్షన్లు అయ్యాక టీ దగ్గర రోజుకు పది ఎడమవైపు స్వింగ్‌లతో మొదలుపెట్టి చూడండి. అరువు బ్యాట్ వచ్చాక క్యాచర్ వెనక నుంచి తీసిన వీడియో ఒకటి ఇక్కడ పెట్టండి, కాలు ఎక్కడ పడుతోందో చూసి చెబుతాం.